మందిరంలో బల్లలు మడిచిన శనివారం

నా చిన్నప్పుడు నాకు అన్నిటికీ రోతే. పాల మీద మీగడ కడితే రోత. అన్నంలో వెంట్రుక కనబడితే ఆ పూటకు కంచం తోసేయడమే. పలక తుడిచిన తడిగుడ్డ వాసన తగిలిందంటే పొద్దంతా ఆ చెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని తిరిగేదాన్ని. "దీనికి దేవుడు ముక్కు పెట్టి, ఇంకేమీ పెట్టకుండా మర్సిపోయినాడు" అని మా అమ్మ తిట్టేది. మా అవ్వ మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఆమె ముక్కూ నా ముక్కులాంటిదే.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ ముక్కు ఇంకా మొద్దుబారలేదు. పెళ్లి భోజనాలకు పోతే సగం ఆకలి అక్కడే చచ్చిపోతుంది. బల్ల మీద కాగితం పరుస్తారు. ఒక బంతి లేవగానే ఎంగిలి ఆకులు, నమిలి ఉమ్మేసిన ములక్కాడ పిప్పి, ఒలికిన మజ్జిగ, అన్నిటితో సహా ఆ కాగితాన్ని చాప చుట్టినట్టు చుట్టి, దారంతా కార్చుకుంటూ ఈడ్చుకుపోతారు. వెనకాలే ఇంకొకరు వచ్చి ఆ తడి మీదే కొత్త కాగితం పరుస్తారు. థూ! తినేవాళ్లకు తెలియదా అంటే, తెలుసు. పైన కొత్త కాగితం కనబడుతోంది కదా, వాళ్లకు అది చాలు. నాకు చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే మా ఊరి భజన మందిరం సంగతి చెప్పాలి.

మా ఊరు పాకాలకు దగ్గర. జంక్షనులో రైలు కూస్తే మా పెరట్లో వినబడేది. ఊరికంతా ఒకటే మందిరం. భజనలూ అక్కడే, పంచాయితీలూ అక్కడే, పదిమంది కలిసి తినాలన్నా అక్కడే. దసరాకు కాస్త ముందూ వెనకగా పెరటాసి నెల, అంటే వెంకటేశ్వరస్వామి నెల, వచ్చిందంటే మా వైపు ఇళ్లలో నీచు మాట ఎత్తరు. కోడి లేదు, చేప లేదు, గుడ్డు కూడా లేదు. ప్రతి శనివారం ఒంటిపొద్దు ఉంటారు. ఆ రోజు మందిరంలో వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అంటే వండిన అన్నం, పప్పు, చిత్రాన్నం, వడలు, పాయసం అన్నీ స్వామి పటం ముందు ఆకుల మీద రాశులుగా పోసి, పిండిదీపాలు వెలిగించి, గోవింద పలుకుతారు. ఆ తర్వాత ఆ ప్రసాదమే అందరూ బంతిగా కూర్చుని తిని, ఒంటిపొద్దు విడుస్తారు.

బంతికి ఒక మర్యాద ఉండేది. అందరిదీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ముందు తిన్నవాళ్లు, ఎంగిలి చెయ్యి ఎండిపోయి పిటపిటలాడుతున్నా, చివర కూర్చున్న ముసలాయన మజ్జిగన్నం ముగించేదాకా ఆగాల్సిందే. ఇక ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపడం అంటారా, దానికన్నా చెప్పుతో కొట్టడం మేలు. చెప్పుదెబ్బ మరచిపోతారేమో గానీ, బంతిలోంచి లేపిన మాట మనవళ్ల దాకా గుర్తుంటుంది.

నేను పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లో ఒక ఏడు మందిరం పెద్దాయనకు మోకాళ్లు పట్టేశాయి. మందిరం తాళంచెవి ఆయన దగ్గరే, పెత్తనమూ ఆయనదే. తన మోకాలు నొప్పి పుట్టాక ఊళ్లో ముసలివాళ్ల మోకాళ్లన్నీ ఆయనకు గుర్తొచ్చాయి. ఇక నేల మీద భోజనాలు వద్దు, మడిచే బల్లలు కొందాం అన్నాడు. మాట మంచిదే. ఎవరూ కాదనలేదు.

బల్లలు ఎంచడానికి ఆయన మా నాయనను వెంటబెట్టుకుని చిత్తూరు పోయాడు. ఆ ఎంపిక ఎట్లా జరిగిందో మా నాయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. అంగడిలో పెద్దాయన బల్ల మీద అరచేత్తో నిమిరాడట. వేళ్లతో టకటక కొట్టాడట. కుర్చీ వేయించుకుని దాని వెనక కూర్చుని, ముందు ఆకు ఉన్నట్టు ఊహించుకుని, అన్నం కలిపినట్టు చెయ్యి ఆడించాడట. పైన నున్నటి సన్‌మైకా, దాని మీద పూలు. "కల్యాణమండపం మాదిరి ఉండాది" అన్నాడట. ఎంపిక అయిపోయింది. వంగి అడుగున ఏముందో చూసిన పాపాన పోలేదు ఇద్దరూ. వండేది, వడ్డించేది, చివరికి ఎంగిలి తుడిచేది అంతా ఊళ్లో ఆడవాళ్లు. వాళ్లలో ఒక్కరిని కూడా, నువ్వూ రామ్మా, చూద్దువు గానీ, అని పిలవలేదు.

బల్లలూ, వాటి వెనక వేసే కుర్చీలూ ఎడ్లబండిలో దిగాయి. ఊరంతా చుట్టూ మూగింది. ఒక్కో బల్లకు రెండు చెక్కలు, మధ్యలో కీళ్లు. మడిస్తే పెట్టె మూసినట్టు రెండు చెక్కలూ కిందికి ముడుచుకుంటాయి. తెరిచి నిలబెట్టినప్పుడు ఆ రెండు చెక్కల మధ్య సన్నటి సందు మిగులుతుంది. వేలు దూరదు, మెతుకు దూరుతుంది. ఆ సందు అడుగు నుంచి కనబడకుండా చేసినవాళ్లు కింద పొడవునా ఒక రేకు పట్టీ కొట్టి పెట్టారు. పైనుంచి పడింది కిందికి కారిపోయే దారి కూడా లేదన్నమాట. మా అవ్వ బల్ల చుట్టూ తిరిగింది. సందులో గోరు పెట్టి గీకింది.

"బాగుండాయప్పా. మరి కడిగేదెట్ల?" అని అడిగింది.

"కడిగేదేంటికత్తా! గుడ్డతో ఒక తుడుపు తుడిస్తే అద్దం మాదిరి అయిపోతాది" అన్నాడు పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

మొదటి శనివారం సంబరంగా జరిగింది. స్వామి తళిగ కూడా నేల మీద కాకుండా ఆ కొత్త బల్లల మీదే వేశారు. బంతిలో కూర్చుంటే నా గడ్డం బల్ల అంచుకు వచ్చింది. నున్నటి సన్‌మైకా మీద ఆకు జారుతుంది. రసం పోయగానే ఆకు దాటి పరుగెత్తి, నేరుగా పోయి సందులో పడుతుంది. నేల మీద అయితే పారిన రసాన్ని నాలుగు బిందెల నీళ్లు కొట్టి చీపురుతో బయటికి తోసేవాళ్లు. ఇక్కడ గుడ్డతో తుడిచారు. తుడిచిన ప్రతిసారీ మెతుకులూ పప్పూ పెరుగూ కలిసి ఆ సందులోకే దిగబడ్డాయి. పైన మాత్రం ఆయన చెప్పినట్టే అద్దంలా మెరిసింది.

భోజనాలయ్యాక బల్లలు మడవబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. స్వామి తళిగ పడిన బల్లలు ఇవి, నెల ముగిసేదాకా మడిస్తే అపచారం అన్నాడు. పసుపు గుడ్డలు కప్పి, ఉన్నవి ఉన్నట్టే ఉంచమన్నాడు. అందరూ చెంపలు వేసుకున్నారు. మడిచే బల్లలు కొనుక్కొచ్చింది మడవకుండా పెట్టుకోవడానికి! మా ఊరికి భక్తి పూనిందంటే ఇంతే. బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలిపెట్టి వస్తుంది. మందిరానికి తాళం వేశారు. లోపల గాలాడదు. పెరటాసి అన్నాక మా వైపు ఒకరోజు ఎండ, ఒకరోజు వాన. మూసిన గది ఎట్లా మగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ పక్కింటి అక్క గురించి చెప్పాలి. మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. ఆమె అత్తగారి వాళ్లు పాకాల సంతలో కరవాడు అమ్మేవాళ్లు. ఎండుచేపలను మా వైపు కరవాడు అంటారు. పెరటాసి వచ్చే ముందే అక్క గంపలన్నీ బూడిదతో తోమి, ఎండబెట్టి, చూరుకు బోర్లించి కట్టేసేది. ఆ నెలంతా ఆ ఇంట్లో చేప ముక్క అనేది ఉండేది కాదు. మామూలు రోజుల్లో కూడా ఆమె ఇల్లు అద్దమే. నేను వేరే వాళ్ల ఇళ్లల్లో చెంబు చూసి రోతపడి నీళ్లు తాగేదాన్ని కాదు గదా, అక్క ఇంట్లో మాత్రం అడిగి మరీ తాగేదాన్ని. నా ముక్కు ఇచ్చిన సర్టిఫికెట్టు అది.

ఆ ఏడు అక్కకు ఒక మొక్కు ఉంది. ఎండాకాలంలో ఆమె కొడుక్కి జ్వరం వచ్చి, సూదులకూ మాత్రలకూ లొంగక, బిడ్డ చేతికి దక్కడనుకున్నారు. పిల్లాడు బతికి లేస్తే పెరటాసి శనివారాలన్నీ ఒంటిపొద్దు ఉండి, మందిరంలో నలుగురితో బంతిలో కూర్చుని స్వామి ప్రసాదం తినే విడుస్తానని ఆమె మొక్కుకుంది. పిల్లాడు లేచాడు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నా నడుస్తున్నాడు. మొక్కు తీర్చకపోతే ఇచ్చిన బిడ్డను స్వామి వెనక్కి తీసుకుంటాడేమోనని అక్కకు లోపల గుబులు.

రెండో శనివారం మందిరం తలుపు తీయగానే కంపు కొట్టింది. సాంబ్రాణి వేశారు, అగరొత్తులు వెలిగించారు. కాసేపు అణిగింది. బంతి కూర్చుని పసుపు గుడ్డలు తీసేసరికి మళ్లీ లేచింది. పులిసిపోయిన పప్పు, కుళ్లిన పెరుగు, తడిసి నానిన చెక్క కలిస్తే ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను గానీ, కరవాడు కంపుకు మాత్రం అది తోడబుట్టినదే. గడ్డం బల్ల అంచున ఉన్నదాన్ని, నాకు డోకు వచ్చింది. "అమ్మా, బల్లలోంచి వస్తావుండాది" అన్నాను. మా అమ్మ తొడ మీద గిల్లి నోరు మూసుకోమంది.

పెద్దాయన భార్య వడ్డిస్తున్నది వడ్డిస్తున్నట్టే ఆగిపోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందిది? పెరటాసి నెలలో నీచు కంపు!"

ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. బంతిలో ఉన్న తలకాయలన్నీ ఒక్కొక్కటే అక్క వైపు తిరిగాయి. అక్క పక్కన కూర్చున్నామె తన ఆకును అవతలికి జరుపుకుంది. ఇప్పటికీ నాకు ఆ ఆకు జరిపిన చప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

"నేను తలకు పోసుకొని వచ్చినానమ్మా. మా ఇంట్లో కరవాడు ముక్క ల్యా. గంపలు కడిగి కట్టేసినాం, కావాలంటే వచ్చి సూడండి" అంది అక్క.

అప్పుడు పెద్దాయన లేచి, ఎంతో దయగా మాట్లాడాడు. ఆ దయ ఉంది చూశారూ, కంపు కన్నా అదే ఎక్కువ రోత. "నీది తప్పని ఎవురూ అనలేదు మ్మే. ఆ యాపారం అట్లాంటిది, ఒంట్లో కలిసిపోయింటాది. నువ్వు ఇంటికి పో. అన్నం ఆకులో కట్టిచ్చి పంపిస్తాం, ఆడ నెమ్మదిగా తిను" అన్నాడు.

అక్క లేచింది. ఒక్క మెతుకు కూడా నోట పెట్టకుండానే లేచింది. ఆమె ఆకును ఎవరో తీసి బయట పారేశారు. బంతి సాగింది. మనిషి పోయినా కంపు పోలేదు. "ఇంకా ఈడనే తిరగతావుండాది సూడు" అనుకుంటూనే పాయసం రెండోసారి వేయించుకుని తిన్నారు.

మా అవ్వ అప్పటిదాకా వెనక వంట దగ్గర ఉంది. వచ్చి అక్క ఏదని అడిగింది. సంగతి విని, తన ఆకు వేయొద్దంది. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుంటూ అక్క ఇంటికి పోయింది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టి పంపిన పొట్లం ముడి విప్పకుండా ఎదురుగా పడి ఉంది. పిల్లాడు ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు.

"బంతిలోంచి లేపినంక ఈడ కూసోని తింటే అది మొక్కవతాదా అవ్వా? నా బిడ్డకు ఏమన్నా అయితే?" అంది. ఆ పూటే కాదు, ఆ రోజంతా ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మా అవ్వ నన్ను ఒకే మాట అడిగింది, కంపు ఎక్కడి నుంచి వచ్చిందని. బల్ల సందులోంచి అన్నాను. నన్ను గిల్లలేదు. తలూపింది.

మర్నాడే ఆమె పెద్దాయన ఇంటికి పోయింది. నేనూ వెంట ఉన్నాను. కంపు ఆ పిల్లది కాదు, బల్లల్లో ఏదో కుళ్లుతోంది, ఒక్క బల్ల మడిచి చూడమని నెమ్మదిగానే అడిగింది. ఆయన చెవులు మూసుకున్నాడు. స్వామి బల్లలు, తళిగ పడినవి, ఒక మనిషి మాట కోసం అపచారం చేస్తామా అన్నాడు. "మనిషి మాట కాదప్పా, మనిషి పరువు" అంది అవ్వ. "నెల పోనీ అత్తా, అప్పుడు సూస్తాం" అన్నాడు. నెల పోతే శనివారాలు పోతాయి. శనివారాలు పోతే అక్క మొక్కు పోతుంది. ఆయనకు అది పట్టలేదు.

మూడో శనివారం పొద్దున మా అవ్వ తలకు పోసుకుని, అద్దం ముందు కూర్చుని, ఎప్పుడూ తీయని తన బంగారు ముక్కుపుడక తీసింది. కొంగు చివర పెట్టి ముడి వేసి, ఆ ముడిని నడుములో దోపుకుంది. నేను చూస్తున్నానని చూసింది. నోరు మెదపొద్దని కళ్లు పెద్దవి చేసింది. మా ఇంట్లో ఆ కళ్లకు అర్థం అందరికీ తెలుసు. మందిరంలో అడుగు పెట్టగానే ముక్కు కనబడకుండా పైట అంచు కప్పుకుంది. కంపుకు అందరూ అట్లాగే కప్పుకున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రోజు కంపు ముందటి వారానికి రెట్టింపు ఉంది. అక్క రాలేదు కదా, మరి ఈ కంపు ఎవరిదని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. పోయినవారం ఆమె కూర్చుని పోయినందుకే గదికి పట్టుకుందని తేల్చేశారు. తళిగ అయింది, హారతి అయింది. బంతి కూర్చుంది. మా అవ్వ పోయిపోయి అక్క కూర్చున్న చోటే, సందుకు ఎదురుగా కూర్చుంది. ఆకులు వేయబోతుండగా ముక్కు తడుముకుని కేక పెట్టింది.

"అయ్యో, నా పుడక! నా ముక్కుపుడక పడిపోయినాది!"

అంతే. మందిరం మందిరమంతా లేచింది. బంతిలోంచి లేవకూడదన్న మర్యాద ఏమైందో గానీ, ఆడామగా అందరూ వంగి నేల తడుముతున్నారు. పెద్దాయన భార్య దీపం తెచ్చింది. మా అవ్వ సందు వైపు చూపించి, దిగులుగా ముఖం పెట్టి అంది, "సందులో పడినట్టుండాది. పోనీలేప్పా. స్వామి బల్లలు, మడిస్తే అపచారం అంటివి గదా. నెల పోయినాంకనే సూస్తాంలే."

"అదేందత్తా, బంగారం! నెలంతా ఇడ్సిపెడితే ఉంటాదా? ఎవురి సేతికన్నా సిక్కితే?" అన్నాడు పెద్దాయన.

"అపచారం గదప్పా."

"స్వామి ఏమీ అనుకోడులే. జరగండి, జరగండి!"

ఆయనే వచ్చాడు. ఆ బల్లలు మడిచే కిటుకు తనకే తెలుసని ఆయనకు గర్వం. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, నుదుట నామం. బల్ల కాళ్ల దగ్గర కొక్కెం తీసి, మధ్య కీలు దగ్గర పట్టి పైకి ఒక్క గుంజు గుంజాడు. నానిన చెక్క మొదట రాలేదు. రెండోసారి గుంజేసరికి రేకు పట్టీ పట్టు వదిలి ఊడింది. సందు నోరు తెరిచింది.

రెండు వారాల ఎంగిలి బయటపడింది. నల్లగా, జిగురుగా, తీగలు సాగుతూ దిగింది. అందులో మెతుకులు ఇంకా మెతుకుల్లాగే ఉన్నాయి, కాకపోతే కదులుతున్నాయి. అవి మెతుకులు కావని, పురుగులని తెలిసేసరికి సగం ఆయన పంచె మీద పడింది. ఆయన చేతులు రెండూ గాలిలోకి ఎత్తేసి "హా, హా" అన్నాడు. పెద్దాయన భార్య దీపం అక్కడే పెట్టేసి గుమ్మం బయటికి పరుగెత్తి, మెట్ల మీదే కక్కుకుంది. ఇంకా ఇద్దరు ముగ్గురు ఆమె వెనకే పోయారు. నాకు మాత్రం వింతగా డోకు రాలేదు. నేను మనుషుల ముఖాలు చూస్తున్నాను. కంపు ఎవరిదో ఇక అందరికీ తెలిసిపోయింది, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

మా అవ్వ నిదానంగా లేచింది. కొంగు ముడి విప్పి, పుడక తీసి, అందరూ చూస్తుండగానే ముక్కుకు పెట్టుకుని మర బిగించుకుంది.

"పుడక నా కొంగులోనే ఉండాది. సిటికెడు బంగారం అనేసరికి స్వామి అపచారం కూడా మర్సిపోయి మడిసినారు. ఆ బిడ్డ కోసం ఒక్క బల్ల మడవమంటే మీకు సేతులు రాల్యా. థూ!" అంది. ఆమె నిజంగానే ఉమ్మింది. మందిరంలో ఉమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత అవ్వ స్వామి ముందు రాశి పోసిన ప్రసాదంలోంచి ఒక తపేలా నింపుకుంది. నా చేతికి ఆకుల కట్ట ఇచ్చింది. ఇద్దరం అక్క ఇంటికి పోయాం. వాకిట్లో నీళ్లు చల్లి ఉంది, నేల శుభ్రంగా ఉంది. అవ్వ వరసగా మూడు ఆకులు పరిచింది. అక్క గుమ్మంలోంచి చూసి రానంది.

"మందిరంలో బంతిలో తింటానని మొక్కినాను అవ్వా."

"బంతి అంటే బల్లలా మ్మే? బంతి అంటే పక్కన ఒక మనిషి. మనిషి నేనుండా, ఇది ఉండాది, స్వామి అన్నం ఉండాది. నువ్వు తినకుంటే నేనూ తిన్ను, ఈ ముసలి పానం ఈన్నే పోతాది. ఆ పాపం నీకే."

అక్క ఏడుస్తూ నవ్వింది. వచ్చి మధ్య ఆకు ముందు కూర్చుంది. అప్పటికి సంగతి ఊరంతా పాకింది. ఒక్కొక్కరే వీధిలోకి వచ్చారు. కొందరు తమ ఆకు తామే తెచ్చుకుని మా పక్కన కూర్చున్నారు, మా అమ్మ కూడా. అక్క పక్కన ఆకు జరుపుకున్నామె వచ్చి దూరంగా నిలబడిపోయింది, కూర్చోలేదు. కాసేపటికి పెద్దాయన భార్య మొహం కడుక్కుని వచ్చి, "ఏదో అయిపోయినాదిలే, మందిరంలోకి రామ్మే" అంది. అక్క తలెత్తలేదు. ఆమె మాట వినబడనట్టు నా ఆకులో ఇంకో వడ వేసింది. నేను మజ్జిగన్నం ముగించేదాకా అక్కా అవ్వా ఎంగిలి చేతులతో అట్లాగే కూర్చున్నారు. నా కోసం బంతి ఆగడం అదే మొదటిసారి. అక్క కొడుకు పెద్దవాడై ఇప్పుడు మనవళ్లను ఎత్తుకున్నాడు. మిగిలిన శనివారాలు అక్క వాకిట్లోనే బంతి నడిచింది. మందిరంలో బల్లలు కడిగారు, రేకులు పీకారు, సున్నం కొట్టారు. అక్క మళ్లీ ఆ గుమ్మం తొక్కి ఒక్క మెతుకు తినలేదు. పెద్దాయన పోయాక ఆయన పెద్దకర్మకు కూడా పోలేదు. అది తప్పని నేను అనను.

ఇప్పుడు తిరుపతిలో మేముండే అపార్టుమెంటులో కింది హాలును అందరి భోజనాలకని బాగు చేశారు. పండగలకూ పుట్టినరోజులకూ కలిసి తినడానికి మడిచే బల్లలు కొనాలన్నారు. ఎంపిక చేయడానికి సెక్రటరీతో పాటు నన్నూ రేణిగుంట రోడ్డులో ఒక అంగడికి తీసుకుపోయారు. అంగడివాడు బల్ల పైన మెరుపు చూపించాడు. నేను తిరగేయమన్నాను. కీళ్లు చూశాను, సందులు చూశాను, మోకాళ్లు సహకరించకపోయినా వంగి అడుగున చెయ్యి పెట్టి తడిమాను. సెక్రటరీ ఫోను చూసుకుంటూ సిగ్గుపడ్డాడు. మధ్యలో అతుకు లేనివి, నీళ్లు కొట్టి కడగగలిగినవి తీసుకున్నాం. బాగున్నాయి.

అంతా అయ్యాక సెక్రటరీ, "ఇంకొక రెండు పాత రకంవి చవగ్గా తీసేసుకుందాం ఆంటీ. వాచ్‌మన్ వాళ్లకీ పనివాళ్లకీ వెనక వేద్దాం. వాళ్లు మధ్యలో కూర్చుంటే వాసన వస్తుందని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు" అన్నాడు. ఎంతో మర్యాదగా, ఎవరి మనసూ నొప్పించకుండా అన్నాడు. అక్కర్లేదని నేను చెప్పాను, అరిచాను కూడా. మెజారిటీ అన్నారు. కొన్నారు.

మొన్న మొదటి భోజనాలు జరిగాయి. నేను నేరుగా పోయి ఆ వెనక బల్ల దగ్గర, వాచ్‌మన్ భార్య పక్కన కూర్చున్నాను. "ఆంటీ, మీ చోటు ఇటు" అని పిలిచారు. పోలేదు. పాపం ఆమె ముడుచుకుపోయి, గబగబా నాలుగు ముద్దలు మింగి లేవబోయింది. "కూసో మ్మే, నేను తినేదాకా లేవగూడదు" అన్నాను. కూర్చుంది. ఆమె దగ్గర సబ్బు వాసన, తల్లో ఒక మల్లెపూవు వాసన, అంతే. ఆ శనివారం నుంచి నాకు ఈ అలవాటు పోలేదు. నా రోత రోతగానే ఉంది, ముక్కు ముక్కుగానే ఉంది. కానీ ఎవరైనా ఒక మనిషిని చూపించి కంపు అన్నారంటే, నేను పోయి ఆ మనిషి పక్కనే చోటు చూసుకుని కూర్చుంటాను. అక్కడ కూర్చుంటే గానీ కంపు ఎటు నుంచి వస్తోందో తెలియదు.